మారుతి 800 ప్రాజెక్టు డైరీ: ఏ సామానుకు ఆగాలి, ఏది లోకల్‌తో సరిపోతుంది

బండి 2007 మోడల్ మారుతి 800. ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే) ఇంజను, 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, ఏసీ. ఉండేది నెల్లూరులో, తిరిగేది కావలి, ఒంగోలు, చీమకుర్తి వైపు. 15 ఏళ్లు నిండాక చేయించిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఐదేళ్లకే కాబట్టి 2027లో మళ్లీ ఫిట్‌నెస్‌కు నిలబడాలి. ఈలోగా బ్రేకులు, కూలింగు, క్లచ్, కింద రేకు తేలాలి. నెలకు పక్కన పెట్టేది 3,000 రూపాయలు. ఒక్కసారిగా పెద్ద మొత్తం పెట్టే వీలు లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న తర్జనభర్జనంతా అందుకే.

ఏ స్పేర్ల కొట్టుకెళ్లినా కౌంటర్లో మొదటి ప్రశ్న ఒకటే: "కంపెనీది ఇమ్మంటారా అన్నా, లోకలా?" ఈ రెంటికీ మధ్య ఇంకోటి ఉంది. అడిగితే గానీ లోపలి నుంచి తీయరు. కారు కంపెనీ తన డబ్బాలో పెట్టి అమ్మే బేరింగు, క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడు చాలావరకు కారు కంపెనీ చేసినవి కావు. విడిభాగాలు తయారుచేసే సంస్థలు ఇటు కారు కంపెనీకీ సరఫరా చేస్తాయి, అటు సొంత పేరుతో బజారుకూ ఇస్తాయి. బేరింగుల్లో ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, క్లచ్‌లో వాలియో, లూక్, స్టీరింగు జాయింట్లలో రానే, బ్రేకుల్లో టీవీఎస్ గర్లింగ్, బాష్ అలా బజారులో దొరికే పేర్లు. ధర కంపెనీ డబ్బాకంటే తక్కువ, పేరులేని లోకల్ కంటే ఎక్కువ. ఈ ప్రాజెక్టులో ఎక్కువ సామాను ఈ మధ్య రకమే.

నాలుగో దారి పాత సామాను కొట్టు. తలుపు, బంపరు, డిక్కీ మూత, అద్దం, లైటు గిన్నె, ఆల్టర్నేటర్ బాడీ లాంటివి పాత బండిలోంచి విప్పినవైనా కంపెనీవే అయితే కొత్త లోకల్ కంటే బాగా కూర్చుంటాయి. రబ్బరు, బెల్టు, బ్రేకు, బాల్ జాయింటు మాత్రం అక్కడ ముట్టకూడదు.

2025 ఫిబ్రవరి: విప్పి చూడటం

ఖర్చు లేని పని ఇదొక్కటే. తొందరపడకుండా చేయాలి. జాకీ ఎత్తి, స్టాండు పెట్టాకే బండి కింద చెయ్యి పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి దూరకూడదు.

ముందు చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదలిక ఉంది. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఆ కదలిక పోతే బేరింగు, పోకపోతే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటు. ఇక్కడ ఎడమవైపు బేరింగు. చక్రాన్ని అటూ ఇటూ పక్కలకు పట్టుకుని ఊపితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ సంగతి తెలుస్తుంది. అది బాగానే ఉంది.

క్లచ్ పరీక్ష: హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుంజుతూ తిరిగిందంటే ప్లేటు జారుతోంది. ఇక్కడ జారుతోంది. ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలుతుంది.

కార్పెట్ లేపి డ్రైవరు కాళ్ల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రెండుచోట్ల లోపలికి దిగింది. రేడియేటర్ మూత తీస్తే గోధుమరంగు నీళ్లు, మూత అంచున తెల్లటి పొర. ముందు ప్యాడ్లలో మిగిలిన మందం 2 మిల్లీమీటర్ల లోపు. వెనక బ్రేకు షూలను నెట్టే వీల్ సిలిండరు ఒకదాని రబ్బరు టోపీ కింద తడి.

ఈ జాబితాను ధర ప్రకారం పేర్చడం అందరూ చేసే పని. మేం రెండు ప్రశ్నలతో పేర్చాం. ఒకటి, ఇది నడిరోడ్డు మీద పోతే బండి ఆగుతుందా, ఆగకుండా పోతుందా? రెండు, దీన్ని మార్చడానికి ఇంకేమేం విప్పాలి? మొదటిదానికి జవాబు 'ఆగకుండా పోతుంది' అయితే అది ముందు, అందులో చవక మాటే లేదు. రెండోదానికి జవాబు 'గేర్‌బాక్సు దించాలి' అయితే, డబ్బు చేరేదాకా ఆగి మంచిదే కొనాలి. రెండు ప్రశ్నలకూ భయం లేని జవాబు వచ్చినవన్నీ లోకల్ కొట్లో కొనుక్కోవచ్చు.

మార్చి: బ్రేకులు

ముందు ప్యాడ్లు నాలుగు, వెనక షూలు నాలుగు, వెనక వీల్ సిలిండర్లు రెండు, బ్రేకు ఆయిలు అర లీటరు. ఆ నెల డబ్బంతా దీనికే పోయింది. అయినా వాయిదా వేసే పని కాదు.

చవక ప్యాడు చేతిలో పట్టుకుంటే మంచిదానిలాగే ఉంటుంది. తేడా బ్రాకెట్లో కూర్చోబెట్టినప్పుడు తెలుస్తుంది. వెనక ఇనుప పలక చెవులు గాడిలో బిగుసుకుపోతాయి. షెడ్డులో వెంటనే ఆకురాయి తీసి చెవులు అరగదీస్తారు. ఎక్కువ అరగదీస్తే ప్యాడు టకటకలాడుతుంది. తక్కువైతే బ్రేకు వదిలాక కూడా డిస్కును పట్టుకునే ఉంటుంది; ఆ చక్రం వేడెక్కుతుంది, ప్యాడు ఏటవాలుగా అరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇక ప్యాడు మసాలాలో, అంటే డిస్కును రాసుకునే పదార్థంలో, ఇనుప రజను ఎక్కువైతే కీచుమని అరుస్తూ డిస్కు మీద గాట్లు పెడుతుంది. అప్పుడు డిస్కులు కూడా కొనాలి. ప్యాడ్ల దగ్గర మిగిలింది డిస్కుల దగ్గర పోతుందన్నమాట.

కౌంటర్లోనే చూసుకోవాల్సినవి: మసాలా, ఇనుప పలక అతికిన అంచున సన్నటి చీలిక ఉండకూడదు. నాలుగు ప్యాడ్ల మందం ఒకటే ఉండాలి. పలక వెనక పార్టు నంబరు, బ్యాచి నంబరు అచ్చుగుద్ది ఉండాలి. డబ్బా మీద తయారైన నెల, ఎం.ఆర్.పి. ఉండాలి. జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి. డూప్లికేట్ అంటగట్టే కొట్లో బిల్లు అడగ్గానే ధర మారిపోతుంది.

బిగించే క్రమం ఇది. చక్రం నట్లు బండి నేలమీద ఉండగానే వదులు చేసుకోవాలి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ కింది బోల్టు తీసి పైకి తిప్పి తీగతో కట్టేయాలి, గొట్టం మీద వేలాడదీయకూడదు. పిస్టన్ లోపలికి నెట్టే ముందు బ్లీడరు నిపుల్ వదులు చేసి చిన్న గొట్టం తగిలిస్తే నల్లబడ్డ ఆయిలు బయటికే పోతుంది, మాస్టర్ సిలిండరు వైపు వెనక్కి వెళ్లదు. స్లైడ్ పిన్నులు రెండూ లాగి తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు మాత్రమే పూయాలి. చాసిస్ గ్రీజు పెడితే పిన్ను రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది. అంతా బిగించాక, బండి స్టార్టు చేసే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుకు పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

వెనక ఆయిలు తాగిన షూలను పెట్రోలు పోసి కాల్చి మళ్లీ వాడే అలవాటు ఇంకా పోలేదు. లైనింగు లోపలికి ఇంకిన ఆయిలు అలా పోదు, వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. షూలు జతగా రెండు చక్రాలకూ మార్చాల్సిందే. వీల్ సిలిండరుకు రబ్బరు కిట్ ఒక్కటి మారిస్తే చాలా తక్కువలో అయిపోతుంది. అయితే లోపల గోడ మీద తుప్పు గుంటలు కనిపిస్తే కొత్త కప్పు కూడా కారుతుంది. ఇక్కడ గుంటలున్నాయి, సిలిండర్లే మార్చాం. బ్రేకు రబ్బర్లను పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగకూడదు, ఉబ్బిపోతాయి. బ్రేకు ఆయిలుతోనే తుడవాలి.

ఆయిలు విషయంలో కోస్తా వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4లో ఇవి 230, 155. సముద్రపు గాలిలో సగం వాడి అటక మీద పెట్టిన సీసా మళ్లీ పనికిరాదు. అందుకే లీటరు డబ్బా చవకగా వస్తుందని కొనకుండా, సీలున్న చిన్న సీసా కొని మిగిలింది పారబోయడమే మేలు. బండికి ఏది వాడాలో రిజర్వాయర్ మూతమీద రాసి ఉంటుంది. బ్లీడింగు, అంటే గొట్టాల్లోని గాలి తీసేయడం, మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావాలి. రిజర్వాయర్‌లో మట్టం పడిపోయి గాలి దూరితే మొదటికొస్తుంది.

కొత్త ప్యాడ్లు ఒదగడానికి తెల్లవారుజామున ఖాళీగా ఉండే సర్వీసు రోడ్డులో 40 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్ల దాకా తగ్గించాలి. మొదటిరోజే హైవే ఎక్కి ఒక్కసారిగా తొక్కితే ప్యాడు పైపొర మెరుగెక్కి పట్టు తగ్గుతుంది.

ఏప్రిల్, మే: కూలింగు

ఈ బండి రేడియేటర్ గతంలో బోరు నీళ్లే తాగింది. కనిగిరి వైపు మెట్టలో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నెల్లూరు తీరంలో ఉప్పు. ఆ నీళ్లు వేడెక్కినప్పుడల్లా లోపలి గొట్టాల గోడకు తెల్లటి గార పడుతుంది. బకెట్టు అడుగున పేరుకునే గారే ఇదీ. గార వేడిని బయటికి పోనివ్వదు.

ఇంకో పాత వైద్యం థర్మోస్టాట్ పీకేయడం. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు అది. ఎండలెక్కువ, ఇదెందుకు అని తీసి పారేస్తారు. ఈ బండిలోనూ లేదు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజను ఉండాల్సిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, హైవే మీద గాలికి చేరకుండానే ఉండొచ్చు. ఎంపీఎఫ్ఐ బండిలో ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటరు, ఇంజను ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, ఆయిల్లో తేమ మిగిలి ఆయిల్ మూత కింద మీగడ కడుతుంది. రేడియేటర్ గార పట్టి వేడెక్కుతుంటే అసలు జబ్బును వదిలేసి దీన్ని పీకడమే ఇంతకాలం జరిగింది.

థర్మోస్టాట్ ధర తక్కువ. దీనికి కంపెనీదే కొనాలి, లేదా కొన్నదాన్ని ఇంట్లోనే పరీక్షించాలి. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి సన్నటి సెగ మీద వేడిచేయాలి. అంచున 82 అని ఉంటే ఆ దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోగా పూర్తిగా తెరుచుకోవాలి. గిన్నె దించాక మళ్లీ గట్టిగా మూసుకోవాలి. చవకవి కొన్ని తెరుచుకుంటాయి గానీ మూసుకోవు, అప్పుడు ఉన్నా లేనట్టే. బిగించేటప్పుడు గాలి పోవడానికి ఉన్న చిన్న పిన్ను పైకి ఉండాలి.

రేడియేటర్ కొత్తది కొనాలా, పాతది రాడింగ్ చేయించాలా అన్నది రెండు వారాల తర్జనభర్జన. పాతది రాగి, ఇత్తడి రకం అయితే పైన కింద ట్యాంకులు విప్పి, లోపల పుల్లలు తోసి, మళ్లీ టంకం వేయించొచ్చు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రకానికి ఆ వైద్యం పనిచేయదు, అంచులు విప్పి మళ్లీ నొక్కితే కారుతుంది. ఇది అల్యూమినియం. లోకల్‌గా దొరికే కొత్త రేడియేటర్లలో వరసలు తక్కువ, రెక్కల మధ్య ఎడం ఎక్కువ. రెండింటినీ పక్కపక్కన పెట్టి అంగుళానికి ఎన్ని రెక్కలో లెక్కిస్తే తేలిపోతుంది. జనవరిలో ఏ తేడా తెలియదు. మేలో ఏసీ వేసుకుని నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తెలుస్తుంది. ఏప్రిల్ డబ్బు కదలకుండా ఉంచి, మే డబ్బు కలిపి పేరున్న తయారీదారుది తీసుకున్నాం. ఆ నెల రోజులూ ఏసీ వేయలేదు, దూరం తిప్పలేదు.

దానితోపాటు పైన, కింద గొట్టాలు, రేడియేటర్ మూత మార్చాం. గొట్టం కోసిన అంచున లోపల దారపు అల్లిక కనిపించాలి. అల్లిక లేని ఒట్టి రబ్బరు గొట్టం వేడికి ఉబ్బి, కిందిదైతే పంపు లాగే ఊపుకు లోపలికి నొక్కుకుపోతుంది. మూత మీద ఉన్న ప్రెషర్ అంకె పాతదానిదే ఉండాలి. ఎక్కువ అంకె మూత పెడితే వేడి తగ్గుతుందనుకునేవాళ్లున్నారు, తగ్గేది లేదు, బలహీనంగా ఉన్న గొట్టం పగులుతుంది.

కూలెంట్ రెడీమిక్స్ నాలుగు లీటర్లు కొంటే ఈ బండికి సరిపోతుంది. కాన్‌సన్‌ట్రేట్ అయితే డబ్బా మీద చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. మినరల్ వాటర్ క్యాను నీళ్లు తాగడానికే. నింపేటప్పుడు హీటరు నాబ్ వేడి వైపు తిప్పి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజను నడిపితే బుడగలు పోతాయి. వేడి మీద మూత తీయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

కూలెంట్ దించి ముందువైపు ఖాళీ చేసిన ఊపులోనే టైమింగ్ బెల్టు, టెన్షనర్, క్రాంక్ ముందు ఆయిల్ సీలు, క్యామ్ సీలు కూడా మార్చేశాం. బెల్టు కిలోమీటర్లు తక్కువే తిరిగినా రబ్బరుకు వయసుంటుంది. టెన్షనర్ పాతది ఉంచి బెల్టు మాత్రం మార్చడం దండగ. టెన్షనర్ బేరింగు పట్టేస్తే కొత్త బెల్టే తెగుతుంది. పుల్లీల మీద గుర్తులు కలిపి, చేత్తో పాన పెట్టి క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూసిన తర్వాతే సెల్ఫ్ కొట్టాలి.

జూన్: ఏమీ విప్పలేదు

క్లచ్‌కు డబ్బు చేరాలి. ఈ నెల పని అంతే.

చీటీ గురించి ఒక మాట. పాతికవేలో ముప్పైవేలో చీటీ వేసి, పని తొందరలో ఉందని మొదటి నెలల్లోనే పాట పాడి ఎత్తుకుంటే వదులుకునే కసరు (తగ్గింపు) చాలా ఉంటుంది. 30,000 చీటీని 6,000 తగ్గించి ఎత్తుకున్నారనుకోండి, మంచి సామానుకూ లోకల్ సామానుకూ మధ్య తేడా అంతా అక్కడే కరిగిపోతుంది. సామాను కోసం చీటీ వేస్తే చివరి నెలల్లో ఎత్తుకునేలా వేయాలి. లేదంటే ఇంట్లో విడిగా పెట్టుకున్న కవరే నయం. కవరు మీద 'బండి' అని కాక 'క్లచ్' అని రాసి పెడితే సీటు కవర్లకు పోదు.

ఆగస్టు దాకా అరిగిన క్లచ్‌తోనే నడపాలి. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి ఎక్కుడులో సగం క్లచ్ మీద నిలబెట్టకుండా హ్యాండు బ్రేకు వాడితే అది ఇంకొంత కాలం లాగుతుంది.

జులై: లోకల్ కొట్లో కొన్నవి

వైపరు బ్లేళ్లు, కాలికింది మ్యాట్లు, తలుపు హ్యాండిళ్లు, అద్దం తిప్పే పిడి, హారను, నంబరు ప్లేటు లైటు, బంపరు క్లిప్పులు. ఇవి పోయినా పది నిమిషాల పని, బండి ఇల్లు చేరుతుంది. చవకవే తెచ్చాం. వైపరు బ్లేడు మన ఎండకు ఏ పేరుదైనా ఎండిపోతుంది, వానలకు ముందు ఏటా మార్చేది ఖరీదైనది కొనడమెందుకు?

ఈ వరసలో కనిపించి మోసం చేసేవి రెండున్నాయి. మొదటిది హెడ్‌లైటు బల్బు. హెచ్4 బల్బు 60/55 వాట్లే. వెలుగు చాలడంలేదని 100/90 వేస్తే హోల్డరు కరుగుతుంది, గిన్నె లోపలి వెండిపూత మాడుతుంది, వైరు వేడెక్కుతుంది, ఫిట్‌నెస్‌లోనూ అభ్యంతరమే. వెలుగు తగ్గడానికి సగం కారణం ఎర్తు పాయింట్ల తుప్పు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజనుకు పోయే పట్టీలు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజలిన్ పూస్తే చాలు. ఉప్పుగాలి ఊళ్లలో ఏటా చేయాల్సిన పని, ఖర్చు దాదాపు లేదు.

రెండోది ఎయిర్ ఫిల్టరు. చీమకుర్తి క్వారీల రోడ్డులో తిరిగే బండికి దీనిమీద పొదుపు అసలు పనికిరాదు. చవక ఫిల్టరులో కాగితం మడతలు తక్కువ, చుట్టూ రబ్బరు అంచు పెట్టెలో సరిగా కూర్చోదు. ఆ సందులోంచి పోయే గ్రానైటు దుమ్ము పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. మూత తీసినప్పుడు ఫిల్టరు అవతల, ఇంజను వైపు గొట్టంలో వేలు పెట్టి చూడాలి. అక్కడ దుమ్ము అంటితే ఫిల్టరు ఉన్నా లేనట్టే. మాన్యువల్ చెప్పిన దూరంలో సగానికే మారుస్తున్నాం. కంప్రెసర్ గాలి బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది.

ఆగస్టు: క్లచ్

సామాను: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు, యాక్సిల్ సీళ్లు రెండు, క్లచ్ కేబుల్, గేర్ ఆయిలు. ఆయిల్ సీళ్ల ధర మొత్తంలో చిల్లర కిందే లెక్క. కానీ వెనక సీలు కారితే కొత్త ప్లేటు ఆయిలు తాగి జారుతుంది, మళ్లీ గేర్‌బాక్సు దించాలి.

ఆగమనడానికి లెక్క ఇదీ. అంకెలు లెక్క కోసమే, మీ ఊళ్లో ధరలు వేసుకోండి. మంచి సెట్టు 3,000, లోకల్ సెట్టు 1,500, గేర్‌బాక్సు దించి ఎక్కించే కూలి 1,500 అనుకుందాం. మంచిదానికి మొత్తం 4,500. లోకల్‌దానికి 3,000. మంచిది నడిచే కాలంలో లోకల్ రెండుసార్లు మార్చాల్సి వస్తే 6,000, మధ్యలో బండి షెడ్డులో ఉన్న రోజులు అదనం. కూలి ఎంత పెరిగితే చవక సామాను అంత ఖరీదవుతుంది. అదే వైపరు బ్లేడుకు కూలి సున్నా, అక్కడ ఈ లెక్క తిరగబడుతుంది.

కొత్త సెట్టును బిగించకముందే మూడు పరీక్షలు. ప్లేటును గేర్‌బాక్సు షాఫ్టు పళ్ల మీద తోసి చూడాలి. అంటుకోకుండా జారాలి, పక్కకు ఊగకూడదు. ప్రెషర్ ప్లేటును అద్దం మీద పెట్టి మధ్య వేళ్ల కొసలు అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయేమో చూడాలి. ఎత్తులు తేడాగా ఉంటే బండి కదిలేటప్పుడు వణుకుతుంది, చవక సెట్లలో తరచూ కనిపించే లోపం ఇదే. రిలీజ్ బేరింగును నొక్కిపట్టి చేత్తో తిప్పితే గరగర ఉండకూడదు.

బ్యాటరీ నెగటివ్ తీశాకే పని మొదలు. గేర్ ఆయిలు దించి, యాక్సిళ్లు, సెల్ఫ్ మోటారు, గేర్ రాడ్డు, కేబుల్ విప్పి, ఇంజను కింద జాకీకి చెక్క అడ్డుపెట్టి ఆనించాకే మౌంటు బోల్టులు తీయాలి. క్లచ్ ప్లేటు ఆనే ఇంజను చక్రం, ఫ్లైవీల్, ముఖం మీద నీలం మచ్చలు, గాట్లు, సన్నటి పగుళ్లు చూడాలి. ఇక్కడ లేత మచ్చలే, 120 నంబరు గరుకు కాగితంతో పోయాయి. లోతుగా ఉంటే లేత్ మీద ముఖం తీయించాలి. కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను థిన్నరుతో పూర్తిగా తుడవాలి. ప్లేటుకు ఫ్లైవీల్ వైపు ఏదో దానిమీదే రాసి ఉంటుంది, తిరగేస్తే క్లచ్ విడవదు. పాత ఇన్‌పుట్ షాఫ్టు ఉంటే దానితో, లేకపోతే సరైన మందానికి టేపు చుట్టిన కర్రతో ప్లేటును నడిమధ్యన నిలిపి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. షాఫ్టు పళ్లకు గ్రీజు పల్చటి పూత చాలు. ఎక్కువైతే తిరిగే ఊపుకు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది.

గేర్ ఆయిలు బండి సమంగా ఉండగా నింపే రంధ్రం అంచుదాకా వచ్చి కారేవరకు పోయాలి. కేబుల్ సర్దేటప్పుడు పెడల్ మొదట కొంత ఖాళీగా కదలాలి. ఖాళీ లేకుండా బిగిస్తే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఆని ఉండి తొందరగా అరుగుతుంది.

సెప్టెంబరు: కింద రేకు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగేలోగా అయిపోవాల్సిన పని. ఇసకపల్లి ఉప్పుపొలాల దారి, రొయ్యల గుంటల కట్టలు, మైపాడు తీరం, ఇవన్నీ తిరిగిన బండికి రేకు పైనుంచి కాదు, కిందినుంచి తినుకుపోతుంది.

ఇక్కడ చవకదారి అంటే తుప్పు మీద ఎం-సీల్, దాని మీద పుట్టీ, ఆపైన రంగు. పైన పటారం, లోన లొటారం. పుట్టీ తేమను పీల్చుకుని వెనక తుప్పును ఇంకా తడిగా ఉంచుతుంది. ఫిట్‌నెస్ నాటికి ఆ పెచ్చు ఊడి చేతికొస్తుంది.

చేసింది: సీట్లు, కార్పెట్ తీసి, పెట్రోలు గొట్టాలు, వైర్లు పక్కకు తప్పించి, మెరిసే రేకు వచ్చేదాకా తుప్పు పట్టినంత మేరా కోయించాం. కొత్త రేకు 20 గేజి, అంటే మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం. అంతకంటే పల్చనిది వెల్డింగు వేడికి వంకరపోతుంది. చిన్న చిన్న చుక్కలుగా, ఒకచోటే వేడెక్కకుండా వెల్డింగు. తర్వాత జింక్ ప్రైమరు, అతుకుల మీద సీలెంట్, అది ఆరాక కింద అండర్‌బాడీ కోటింగు. సీలెంట్ ఆరకముందే నల్లకోటింగు కొట్టేసి ఇచ్చే షెడ్లున్నాయి. దగ్గరుండి చూసుకోవడం తప్ప దారి లేదు. తలుపుల కింది అంచున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడి ఉంటే తీగతో పొడిచి తెరవాలి. రంగు కొట్టేటప్పుడు వాటిని మళ్లీ మూసేస్తారు, అదీ చూసుకోవాలి. ఎడమ వెనక తలుపుకు పుట్టీ బదులు పాత సామాను కొట్టు నుంచి తుప్పులేని కంపెనీ తలుపే తెచ్చి వేశాం. టింకరింగు కూలికంటే అదే తక్కువైంది.

2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నిటికీ జీఎస్‌టీ 18 శాతమైంది. అంతకుముందు చాలావాటికి 28. పన్ను కలపకముందు 1,000 ఉన్న వస్తువు 1,280 నుంచి 1,180కి దిగుతుంది, అంటే దాదాపు 8 శాతం తగ్గుదల. డబ్బా మీద పాత ఎం.ఆర్.పి. ఉన్నా బిల్లులో 18 శాతమే పడాలి. అందుకే టైర్లు ఆ తేదీ దాటాక కొన్నాం.

నవంబరు: బేరింగు, బూట్లు, టైర్లు

ముందు చక్రం బేరింగును సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఏ పేరున్నదైనా కొద్ది రోజులకే మళ్లీ మూలుగుతుంది. దెబ్బ గుండ్ల మీద పడి గాడిలో గుంటలు పడతాయి. బేరింగు కూర్చునే ఇనుప దిమ్మె, నకిల్, విప్పి ప్రెస్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి, బయటి రింగును నొక్కి ఎక్కించాలి. హబ్ నట్టు మాన్యువల్‌లోని టార్కుకు బిగించి కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి.

అదే పనిలో యాక్సిల్ బూట్లు, అంటే యాక్సిల్ జాయింట్ల మీది రబ్బరు తొడుగులు. లోకల్ బూటు రబ్బరు గట్టిగా ఉంటుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడతలో చీలుతుంది. గ్రీజు చిమ్మిపోయి ఇసుక దూరితే మలుపులో టిక్‌టిక్ మొదలై జాయింటు మొత్తం పోతుంది. చేతిలో నలిపితే మెత్తగా వంగి వెంటనే పూర్వంలా రావాలి. బిగించడానికి స్టీలు పట్టీలే, ప్లాస్టిక్ టై కాదు.

టైరు సైజు 145/70 ఆర్12. ఈ సైజు అమ్మకం తగ్గింది, కొట్లో పాత స్టాకు అంటగట్టే వీలెక్కువ. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడాలి: 2325 అంటే 2025లో 23వ వారం. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. నాలుగు కొనే డబ్బు లేక రెండే కొన్నాం. రెండు కొత్తవీ వెనకకే వేశాం. తడిరోడ్డు మీద వెనక పట్టు పోతే బండి తిరిగిపోతుంది, ముందు పట్టు పోతే కనీసం స్టీరింగులో తెలుస్తుంది. ముందుకు వేసిన పాత జతలో గాడి లోతు 3 మిల్లీమీటర్లు ఉంది.

మిగిలినవి: ఇంజను మౌంట్లు మూడు, ఏసీ. మౌంట్లకు డిసెంబరు, జనవరి డబ్బు. ఏసీ కండెన్సర్ మార్చాలి, దానితో రిసీవర్ డ్రైయర్, ఓ-రింగులన్నీ కూడా. గ్యాసు పట్టించే ముందు నైట్రోజన్‌తో లీకు పరీక్ష, తర్వాత కనీసం అరగంట వ్యాక్యూం పట్టి గేజి ముల్లు కదలకుండా నిలబడిందో చూడటం. లీకు వెతక్కుండా గ్యాసు మాత్రం నింపి ఇచ్చే చోటికి బండి పంపడంలేదు. మార్చి నాటికి డబ్బు చేరితే వేసవికి ముందే, లేకపోతే ఇంకో వేసవి అద్దాలు దించుకుని.